లక్షల ఫొటో కాదు, అంచు చూపించండి

సంపాదకులకు నమస్కారం.

"ఈ నాణెం మీ దగ్గరుందా? అయితే మీరు లక్షాధికారే!" అనే వార్త ఏడాదికి నాలుగైదు సార్లయినా పత్రికల్లోనో, టీవీలోనో, వాట్సాప్‌లోనో తిరుగుతూనే ఉంటుంది. మీ పత్రికను కూడా కలిపే అంటున్నాను, కోపం తెచ్చుకోకండి. అందులో ఒక ఫొటో ఉంటుంది, ఓ పెద్ద అంకె ఉంటుంది. ఆ నాణెం ఏ టంకశాలలో తయారైంది, ఎన్ని ముద్రించారు, ఎంత అరిగింది అన్న ముక్క ఒక్కటీ ఉండదు. చేతిలో పడ్డ ప్రతి చిల్లర నాణేన్నీ తిరగేసి చూడటం నాకు చాలా ఏళ్లుగా ఉన్న పిచ్చి, ఇంట్లోవాళ్లు నవ్వుకుంటారు కూడా, అందుకని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మొదటి సంగతి, పాతదైతే విలువైనది అనుకోవడం తప్పు. అమెరికాలో 1944లో ఒక్క ఫిలడెల్ఫియా టంకశాలే 143 కోట్లకు పైగా సెంట్లు ముద్రించింది, అందుకే అన్నేళ్ల నాణెమైనా అరిగిపోయినదాన్ని ఇవాళ ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అదే బ్రిటన్‌లో 2009లో లండన్‌లోని క్యూ గార్డెన్స్ అనే పెద్ద ఉద్యానవనం బొమ్మతో వచ్చిన 50 పెన్నీల నాణెం నిన్నమొన్నటిదే, కానీ ముద్రించింది 2 లక్షల 10 వేలు మాత్రమే కాబట్టి దాని కోసం జనం చిల్లరంతా జల్లెడ పట్టారు. ఎన్ని చేశారు, ఎన్ని మిగిలాయి, ఎంత బాగా మిగిలాయి, చూడాల్సింది ఇవే.

ఇక బ్యాంకు నుంచి కాగితం చుట్టిన నాణేల రోల్స్ తెచ్చుకుని వెతకడం. ఇందులో మజా ఏంటంటే నష్టం లేదు, ఏమీ దొరక్కపోతే ఎంతకు తెచ్చామో అంతకే తిరిగి ఇచ్చేయొచ్చు, పోయేది మన టైము మాత్రమే. అమెరికాలో క్వార్టర్ల, అంటే 25 సెంట్ల నాణేల, రోల్‌కి 40 నాణేలుంటాయి. ఒక్కొక్కటి తీసి ఏడాది చదువుతూ కూర్చుంటే కళ్లు పోతాయి. అలవాటైనవాళ్లు నాణేలన్నీ వరసగా పేర్చి ముందు అంచులు చూస్తారు. అక్కడ 1964 దాకా డైములు (10 సెంట్ల నాణేలు), క్వార్టర్లలో 90 శాతం వెండి ఉండేది, 1965 నుంచి రాగి మీద నికెల్ కలిసిన పొర వేయడం మొదలైంది కాబట్టి కొత్తవాటి అంచున ఎర్రటి గీత కనిపిస్తుంది. ఆ గీతల వరసలో ఒక్కటి పూర్తిగా తెల్లగా మెరిసిందంటే గుండె ఒక్క క్షణం ఆగుతుంది! నూటికి తొంభై తొమ్మిది సార్లు ఆగదులెండి, అది వేరే సంగతి. అరడాలర్లలో మాత్రం 1965 నుంచి 1970 వరకూ 40 శాతం వెండి ఉంది కాబట్టి వాటికి అంచుతో సరిపెట్టకుండా ఏడాది కూడా చూడాలి. ఇంకో మాట, తెచ్చుకున్న బ్రాంచిలోనే మిగిలినవి తిరిగి కట్టకండి, వచ్చేసారి మీరు చూసి పారేసిన నాణేలే మళ్లీ మీ చేతికి వస్తాయి, పైగా కౌంటర్ దగ్గరవాళ్లకు విసుగు.

మన నాణేల్లో అయితే ఏడాది అంకె కింద చూడండి. డైమండ్ ఆకారం ఉంటే ముంబై, నక్షత్రం ఉంటే హైదరాబాద్, చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. ఒకే ఏడాది ఒకే నాణేన్ని నాలుగు టంకశాలల నుంచీ పోగేయడం పిల్లలకు మంచి ఆట, దానికి ఒక భూతద్దం తప్ప ఖర్చేమీ లేదు.

తప్పుగా అచ్చయినవి ఇంకో లోకం. బ్రిటన్‌లో 2008లో 20 పెన్నీల నాణెం డిజైన్ మార్చినప్పుడు ఏడాదిని బొరుసు నుంచి బొమ్మ వైపుకు మార్చారు, కొన్నింటికి పొరపాటున పాత బొమ్మ, కొత్త బొరుసు కలిసిపోయి అసలు ఏడాదే లేని నాణేలు బయటికొచ్చాయి. 1955 అమెరికా సెంట్లలో కొన్నింటి మీద అక్షరాలు, అంకెలు రెండేసి కనిపిస్తాయి, అచ్చు తయారీలోనే జరిగిన తప్పది. కానీ గీతలు పడ్డవీ, ఎవరో సుత్తితో కొట్టినవీ, వాహనం కింద నలిగినవీ అన్నీ "ముద్రణ లోపం" అయిపోవు. సోషల్ మీడియాలో అమ్మకానికి పెట్టేవాటిలో నేను చూసినవి ఎక్కువగా ఈ రకమే.

దొరికినదాన్ని తోమకండి. మొదట్లో నేను ఒక పాత నాణేన్ని పళ్లపొడితో తళతళలాడేలా తోమి, గొప్పగా తీసుకెళ్లి ఒక సేకర్తకు చూపించాను. ఆయన ఒక్క చూపు చూసి తిరిగి నా చేతిలో పెట్టి "ఎవరు చేశారిది?" అన్నారు. నేనే అని చెప్పే ధైర్యం రాలేదు. తోమితే పైపొర మీద సన్నని గీతలు పడతాయి, అవి మళ్లీ పోవు, నాణెం రంగు మారడం కన్నా సేకర్తలకు అదే పెద్ద లోపం.

అసలు ఈ ఉత్తరం రాయించింది మాత్రం మోసాల సంగతి. పాత నాణేలు కొంటామని, ముందు కమీషనో పన్నో కట్టమని రిజర్వు బ్యాంకు పేరు వాడుకుంటున్నవాళ్లను నమ్మొద్దని, తాము అలాంటి లావాదేవీలు చేయమని, ఎవరినీ అందుకు నియమించలేదని 2021 ఆగస్టులో ఆ బ్యాంకే ప్రకటించింది. అమ్మేవాడు ఎదురు డబ్బు కట్టడం ఏ వ్యాపారంలో ఉందండీ? అయినా లక్షల వార్త చదివి టెన్షన్‌గా పెట్టెలు తిరగేసే మనిషికి ఆ ఆలోచన రాదు, వాళ్లకు కావాల్సింది కూడా అదే.

కాబట్టి ఈసారి అలాంటి వార్త వేస్తే పక్కనే ఎన్ని ముద్రించారో రాయండి, టంకశాల గుర్తు ఎక్కడుందో బాణం గీసి చూపించండి. రెండు వైపులా ఫొటోలు కూడా వేయండి, పోయినసారి బొరుసు వేయనే లేదు.

ఇట్లు,
మీ పాఠకుడు