నెలకో ఊరు: ఆరు నెలల చదువు లెక్క

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం మొన్న చేరింది. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది, సాయంత్రాలు వీధి చివరిదాకా నడిచి వస్తోంది. సంక్రాంతికి వచ్చినప్పుడు మనం అనుకున్న చదువు ఎందాకా వచ్చిందని అడిగావు. జూన్ కూడా అయిపోయింది కాబట్టి లెక్క చెప్పడానికి ఇదే సరైన సమయం. తీరుబడిగా కూర్చుని చదువు, ఉత్తరం పొడుగ్గానే ఉంటుంది.

నువ్వు ఏడాదికి ఇన్ని పుస్తకాలని ఒక అంకె పెట్టుకుందామన్నావు. పుస్తకాల లెక్క రాసుకునే గుడ్‌రీడ్స్ వెబ్‌సైటులో అందరూ చేసేది అదే. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. అంకె పెట్టుకుంటే చెయ్యి సన్నటి పుస్తకం మీదికే పోతుంది. విశ్వనాథ సత్యనారాయణ గారి లావుపాటి 'వేయిపడగలు' చదివినా ఒకటే, వంద పేజీల నవల చదివినా ఒకటే అంటే 'వేయిపడగలు' ఎవరు ముట్టుకుంటారు చెప్పు? అందుకే నెలకో ఊరు అన్నాను. తెలుగు నేలలో ఒక్కో నెల ఒక్కో ప్రాంతం, ఆ ప్రాంతంలో జరిగే నవల ఒకటి. ఆ నెలలో ఇంకేం చదివినా చదవకపోయినా, ఆ ఊరికి వెళ్లి రావాలి. అంతే షరతు.

లెక్క రాసే పద్ధతి కూడా చెప్తాను, నువ్వూ మొదలుపెడతానన్నావు కాబట్టి. బ్యాంకులో ఇచ్చిన డైరీ ఒకటి దీనికే కేటాయించాను. ఒక్కో పుస్తకానికి ఒక్కో పేజీ. పైన పేరు, రాసినవారు, ఏ ప్రాంతం, ఎప్పుడు మొదలుపెట్టాను, ఎప్పుడు ముగించాను. కింద ఖాళీ. ఆ ఖాళీని పుస్తకం మూసిన రోజే నింపను. వారం ఆగుతాను. వారం తర్వాత ఇంకా మనసులో ఏం మిగిలి ఉందో అది రాస్తాను, నాలుగైదు వాక్యాలు. ముగించిన వేడిలో రాస్తే అన్నీ గొప్పగానే అనిపిస్తాయి బావా. వారం పోయాక కథలో సగం పేర్లు మరిచిపోతాం, కానీ ఒక మనిషో, ఒక మాటో, ఒక గొడవో అలాగే నిలబడి ఉంటుంది. నా దృష్టిలో అదే చదివినట్టు. పేజీల లెక్క ఎవరికి కావాలి?

జనవరిలో గుంటూరు సీమ. ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి'. మనం ఇంటర్‌లో ఉన్నప్పుడు ఒక మార్కు ప్రశ్నకి జవాబుగా బట్టీపట్టిన పేరు అది. మొదటిసారి పూర్తిగా చదివాను. ఆయన దాన్ని రాయవేలూరు జైల్లో ఉండగా రాశారు. 1922లో అచ్చయింది, తర్వాత ప్రభుత్వం నిషేధించింది. ఎందుకు నిషేధించారో చదువుతుంటే తెలుస్తుంది. కూలి గింజలుగా ఇవ్వాలా, డబ్బుగా ఇవ్వాలా అన్న గొడవ అందులో ఉంది చూడు, అది చదివి నేను రెండు రోజులు వేరే పని మీద మనసు పెట్టలేకపోయాను. ధరలు పెరిగినప్పుడు గింజలిస్తే రైతుకి నష్టం, డబ్బిస్తే కూలివాడి కడుపు ఖాళీ. బ్యాంకులో రోజూ డబ్బు లెక్కలు చూసే నాకు, నూరేళ్ల కిందటి మనిషి ఈ విషయాన్ని ఇంత తేటగా పట్టుకున్నాడంటే చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. సంగదాసు తండ్రి రామదాసు వేదాంతం దగ్గర మాత్రం కొంచెం ఓపిక పట్టాలి, పేజీలకు పేజీలు సాగుతుంది. అయినా దాటెయ్యకు. సంగదాసు చనిపోయాక ఆ వేదాంతం బరువేమిటో అర్థమవుతుంది. వారం తర్వాత నా పేజీలో రాసుకున్న మొదటి మాట: 'సంగదాసూ, భూస్వామి చౌదరయ్య కొడుకు రామానాయుడూ స్నేహితులు'. ఆ కాలంలో, ఆ ఊళ్లో, ఆ స్నేహం! ఎందుకో మనిద్దరం గుర్తొచ్చాం.

ఫిబ్రవరిలో మీ కోనసీమకి వచ్చాను. మహీధర రామమోహనరావు గారి 'కొల్లాయిగట్టితేనేమి'. ఈ పేరు బసవరాజు అప్పారావు గారు గాంధీ మీద రాసిన పాటలోది. సహాయ నిరాకరణ రోజులు, చదువు మానేసి ఊరికి వచ్చిన కుర్రాడు, అగ్రహారం. ఉద్యమం అనగానే మనకి జెండాలూ ఊరేగింపులూ గుర్తొస్తాయి. ఈ నవల్లో ఉద్యమం ఇళ్లలోకి వస్తుంది. ఎవరితో కూర్చుని తినాలి, ఎవరు ఎవరింటికి వెళ్లాలి, పెళ్లి ఎలా చేసుకోవాలి, అన్నీ తగాదాలే. తండ్రీ కొడుకులు, మావా అల్లుళ్లు ఒకే ఇంట్లో ఉంటూ వేర్వేరు కాలాల్లో బతుకుతుంటారు. మీ తాతగారు చెప్పిన కబుర్లు నీకు గుర్తుంటే ఇది నువ్వు నాకంటే ఎక్కువ ఇష్టపడతావు. నీ జాబితాలో దీన్ని ముందు పెట్టుకో.

మార్చి సంగతి నీకు తెలిసిందే, ఇయర్ ఎండింగ్. రాత్రి ఎప్పుడు ఇంటికి వస్తానో నాకే తెలియదు. అది ముందే ఊహించి ఆ నెలకి చిత్తూరు వైపు వెళ్లాను, డాక్టర్ కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు' పెట్టుకున్నాను. చిన్న పుస్తకం. తప్పిపోయిన సుక్కపందిని వెతుక్కుంటూ ఒక ముసలివాడు అడవిలోకి పోతాడు. అది అక్కడ ఈని ఉంటుంది. రాత్రంతా ఆ పిల్లల్ని కాపాడుకోవడానికి అతని పోరాటం. ఇంతే కథ. కానీ చెట్టూ పుట్టా, నక్కల తీరు, చీకట్లో వినిపించే ప్రతి చప్పుడూ ఆ ముసలివాడికి ఎలా తెలుసో ఆ రచయితకీ అలాగే తెలుసు. ఆయన చిత్తూరు జిల్లా మనిషి, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రిలో డాక్టరుగా చేశారు. తన ఊరికి అంత దూరంలో ఉండి ఆ అడవిని అంత దగ్గరగా రాశారన్నది నాకు చాలా గొప్పగా అనిపించింది. ఇది మాత్రం విడివిడిగా కాకుండా ఒకే బిగిన చదవాలి. ఆదివారం మధ్యాహ్నం మొదలుపెట్టి దీపాలు పెట్టే వేళకి ముగించాను. పని ఒత్తిడి ఉన్న నెలకి సన్న పుస్తకం ఉంచుకోవడం అంకె కోసం కాదు, తెగిపోకుండా ఉండడం కోసం. ఒక నెల పూర్తిగా పోతే మళ్లీ పట్టు దొరకడం కష్టం.

ఏప్రిల్‌లో విశాఖపట్నం, డాక్టర్ పి. శ్రీదేవి గారి 'కాలాతీత వ్యక్తులు'. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. 1957-58 ప్రాంతంలో 'తెలుగు స్వతంత్ర' పత్రికలో సీరియల్‌గా వచ్చింది. తర్వాత 'చదువుకున్న అమ్మాయిలు' సినిమాకి ఇదే ఆధారం, కానీ సినిమా చూసి నవల తెలుసనుకుంటే పొరపాటే. ఇందిర పాత్ర ఉంది చూడు! తండ్రి బాధ్యత నెత్తిన వేసుకుని ఉద్యోగం చేస్తూ, ఎవరి జాలీ అడక్కుండా, తనకి కావలసింది తను తీసుకునే మనిషి. ఆమెని మంచిదనీ చెడ్డదనీ తేల్చడానికి రచయిత్రి మనకి అవకాశం ఇవ్వరు. నేను మొదట ఇంకో ముఖ్యపాత్ర కల్యాణి వైపు ఉన్నాను, ముగించేసరికి ఇందిర వైపు వచ్చేశాను. అమ్మకి చెప్తే ఆవిడ ముందునుంచీ ఇందిర వైపేనట! శ్రీదేవి గారు ముప్ఫై రెండో ఏటే పోయారు. ఇంకో రెండు నవలలు రాసి ఉంటే తెలుగు నవల ఎక్కడుండేదో అని ఆ నెలంతా అనుకుంటూనే ఉన్నాను.

ఇదే నెలలో అమ్మతో జరిగిన మాట ఒకటి నీకు చెప్పాలి. నేను డైరీలో రాసుకోవడం చూసి, 'మాకు ఇవన్నీ ఎక్కడివిరా, వారం వారం సీరియలే మా లెక్క' అంది. నిజమే కదా! వారపత్రిక వచ్చే రోజు తెలుసు, ఆ వారం భాగం చదివి, ఆ పేజీలు చింపి దాచి, అన్నీ అయ్యాక బైండు చేయించుకునేవాళ్లు. మా అటక మీద అలాంటి బైండ్లు ఇప్పటికీ ఉన్నాయి. పేజీ వెనక తలనూనె ప్రకటన, వంటల శీర్షికలో సగం, ఎవరో పాఠకుడి ప్రశ్నకి జవాబు. ఆ తరం చదువుకి సమయం దానంతట అదే వచ్చేది, పక్కింటి పిన్నిగారితో దాని గురించి మాట్లాడడం కూడా వారం వారం జరిగేది. మనకి ఆ రెండూ లేవు. అందుకే నీకు లెక్క చెప్పాలన్న మాట నాకు ఇంత ముఖ్యం. చదివింది ఇంకొకరికి చెప్పాలని తెలిస్తే, చదవడమే వేరుగా ఉంటుంది.

మే నెలంతా తెలంగాణలో. వట్టికోట ఆళ్వారుస్వామి గారి 'ప్రజల మనిషి'. నిజాం కాలంలో పల్లెలో దొర చెప్పిందే చట్టం, సభ పెట్టుకోవాలంటే అనుమతి, గ్రంథాలయం పెడితే అనుమానం. కంఠీరవం అనే పిల్లవాడు అక్కడ ఎలా ఎదిగాడన్నదే కథ. రాసిన మనిషి బతుకు ఆ నవలకంటే ఏమాత్రం తక్కువది కాదు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు తనే మోసుకెళ్లి ఊరూరా అమ్మాడు. కవి దాశరథి కృష్ణమాచార్యతో పాటు నిజామాబాద్ జైల్లో ఉన్నాడు. దాశరథి తన 'అగ్నిధార'ని ఆయనకే అంకితమిచ్చాడు. పుస్తకం చదవడం మనకి సరదా, అక్కడ అది ధైర్యం చేసే పని. వాక్యం అలంకారాలు లేకుండా సూటిగా ఉంటుంది, కొందరికి పొడిగా అనిపించవచ్చు. నాకైతే ఆ విషయానికి ఆ వాక్యమే సరిపోయిందనిపించింది.

ఆ ఊపులోనే జూన్‌లో దాశరథి రంగాచార్య గారి 'చిల్లర దేవుళ్లు' తీశాను. మళ్లీ తెలంగాణే, మళ్లీ దొరే, కోటలాంటి అతని ఇల్లు గడీయే. వేరే ప్రాంతానికి వెళ్లాలి కదా అంటావేమో. రెండూ పక్కపక్కన చదివితేనే తెలిసింది, ఆళ్వారుస్వామి బయటి పోరాటం చూపిస్తే, రంగాచార్య గడీ లోపలికి తీసుకెళ్తారు. అందులో బతికే ఆడవాళ్లు, ముఖ్యంగా దొరల ఇళ్లలో దాసీలుగా ఉండే ఆడబాపల గతి చూస్తే గుండె బరువెక్కుతుంది. బయటినుంచి వచ్చిన సంగీతం మాస్టారు పాణి కళ్లతో చూస్తాం కాబట్టి తెలియని మాటలు కూడా మెల్లగా తెలిసిపోతాయి. తెలంగాణ పల్లె మాటని నవల్లో అంత నిండుగా వినడం నాకు పెద్ద ఆనందం.

ఇదీ ఆరు నెలల లెక్క. ఇక మిగిలిన సగానికి నా ఆలోచన చెప్తాను, నీ అభిప్రాయం రాయి. జులైలో అనంతపురం, బండి నారాయణస్వామి గారి 'శప్తభూమి'. 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది దీనికి, కథ 18వ శతాబ్దపు రాయలసీమలో జరుగుతుంది. తెచ్చిపెట్టాను, బల్ల మీదే ఉంది. ఆగస్టులో మళ్లీ విశాఖ వెళ్లి రావిశాస్త్రి 'అల్పజీవి' చదవాలనుంది. ఇందిర ఉన్న ఊళ్లోనే భయస్థుడైన ఆ సుబ్బయ్య ఎలా ఉంటాడో చూడాలి.

సెప్టెంబరు నుంచి మాత్రం నెలకి ఒకటి అన్న షరతు సడలించి, 'వేయిపడగలు' మూడు నెలలకి పంచుకుందాం. 1934 ప్రాంతంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీలో అడివి బాపిరాజు గారి 'నారాయణరావు'తో కలిపి దానికి బహుమతి ఇచ్చారు. అందుకని డిసెంబరులో 'నారాయణరావు' చదివితే ఆ ఏడాది న్యాయనిర్ణేతల చేతిలో ఏం పడిందో మనకీ తెలుస్తుంది. ఇది ఒక్కణ్ణే చదవడం నాకు ఇష్టం లేదు. విశ్వనాథ వారితో నాకు చాలాచోట్ల పేచీ ఉంటుందని ముందే తెలుసు, పేచీ పడడానికి పక్కన నువ్వుండాలి. ప్రతి నెలాఖరుకీ ఎందాకా వచ్చామో ఫోనులో కాకుండా ఇలాగే ఉత్తరంలో రాసుకుందాం.

మీ ఊరి శాఖా గ్రంథాలయంలో 'నారాయణరావు' పాత ప్రతి ఉందేమో ఒకసారి కనుక్కో. లేకపోతే డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో రెండు ప్రతులు కొంటాను, నీది పోస్టులో వేస్తాను. చెల్లెమ్మకి నా ఆశీస్సులు, మావయ్యగారికీ అత్తయ్యగారికీ నమస్కారాలు చెప్పు. నువ్వు ఏ ఊరితో మొదలుపెడతావో జవాబులో తప్పకుండా రాయి.

ఇట్లు,
నీ బావ