సస్కాచెవాన్ వెళ్లేముందు

చిన్నా,

టొరంటో వదిలి సస్కటూన్‌లో చేరనా అని అడిగావు. జీతం సంగతి నువ్వే తేల్చుకో. చేరబోయే కంపెనీ గనులకీ గింజల గోదాములకీ సాఫ్ట్‌వేర్ అమ్ముతుందన్నావు కాబట్టి, వాళ్ల వ్యాపారం దేని మీద నిలబడిందో రాస్తాను. సావకాశంగా చదువుకో.

ముందు పటం చూడు. సస్కటూన్ ఉన్నది సస్కాచెవాన్ అనే కెనడా రాష్ట్రంలో. సస్కాచెవాన్‌కి నదిగానీ కొండగానీ సరిహద్దు కాదు, నాలుగు వైపులా గీతలే. కింద 49వ అక్షాంశం, పైన 60వది. వైశాల్యం ఆరున్నర లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే ఆంధ్ర, తెలంగాణ కలిపినదానికి రెండింతల పైమాటే. జనం మాత్రం 2021 లెక్కల్లో 11.32 లక్షలు. వాళ్లలోనూ సగంమంది సస్కటూన్, రెజైనా చుట్టూనే ఉంటారు.

ఆ గీతలు పొలాల్లోకీ వచ్చాయి. దక్షిణమంతా ఆరు మైళ్లకి ఆరు మైళ్ల టౌన్‌షిప్‌లుగా కొలిచారు. ఒక్కోదానిలో 36 సెక్షన్లు. సెక్షనంటే చదరపు మైలు, 640 ఎకరాలు. దాంట్లో నాలుగోవంతు, 160 ఎకరాలు, ఒక క్వార్టర్. క్రీ తదితర ఆదివాసీ జాతులతో 1874, 1876 ఒప్పందాలు రాయించుకుని, 1872 చట్టం కింద వలసవచ్చినవాళ్లకి పది డాలర్ల రుసుముకే క్వార్టర్ చొప్పున పంచిపెట్టారు. ఆ పంపకం న్యాయమా అన్న వాదన ఇంకా చల్లారలేదు, చల్లారకూడదు కూడా. రైతులు ఇప్పటికీ క్వార్టర్లలోనే మాట్లాడతారు. పొలం చిరునామా 'నార్త్‌వెస్ట్ 14-23-5 వెస్ట్ 2' అని ఇస్తే తికమకపడకు. రెండో మెరిడియన్ అనే సర్వే నిలువు గీతకి పడమరగా ఐదో రేంజ్ (టౌన్‌షిప్‌ల నిలువు వరుస), 23వ టౌన్‌షిప్, అందులో 14వ సెక్షన్, దాని వాయవ్య మూల. (వాస్తు పట్టింపున్న మీ నాన్నకి తెగ నచ్చే పద్ధతి.) నిలువు రోడ్డు మైలుకొకటి, అడ్డ రోడ్డు రెండు మైళ్లకొకటి వస్తుంది. లెక్కపెట్టుకుంటూ పోతే దారి తప్పవు.

నేల నైరుతి మూలన గోధుమరంగులో మొదలవుతుంది. ఈశాన్యానికి పోయేకొద్దీ ముదిరి నల్లబడి, అడవి అంచుకి బూడిదరంగుకి దిగుతుంది. 1857-60లో సర్వే చేసిన పాలిసర్, ఆ నైరుతి ముక్క సేద్యానికి పనికిరాదని రాశాడు. రెజైనాలో ఏడాదికి పడే వాన 400 మిల్లీమీటర్లకి లోపే, మన అనంతపురం కన్నా తక్కువ. ఆవాల జాతి నూనెగింజ కెనోలా నల్లనేలకి పోయింది. ఎండునేలకి దక్కింది మనం వండుకునే ఎర్రపప్పు, అదే మసూర్.

ఈ పంట అక్కడ పాతదేం కాదు. సస్కాచెవాన్ విశ్వవిద్యాలయంలో అల్ స్లింకార్డ్ అనే శాస్త్రవేత్త 1978లో లెయర్డ్, 1980లో ఎస్టన్ అనే రకాలు విడుదల చేశాకే ఊపందుకుంది. మే మొదట్లో విత్తనానికి రైజోబియం కల్చర్ (నత్రజని పట్టే బాక్టీరియా) పట్టించి, చదరపు మీటరుకి 130 మొక్కలు నిలిచేలా విత్తుతారు. విత్తగానే రాళ్లు మట్టిలోకి అణగేలా బరువైన రోలర్ తిప్పుతారు. ఎందుకంటావా? మొక్క మోకాలెత్తు కూడా పెరగదు, కింది కాయలు నేలకి ఆనుకునే ఉంటాయి. కోత మిషను కత్తి మట్టిని గీరుకుంటూ పోవాలి. ఆ దారిలో రాయి పైకి తేలి ఉంటే కత్తి విరుగుతుంది, లేదా రాయి గింజల్లో కలుస్తుంది. మన చేటలో దొరికే రాయికి మూలం అక్కడే.

మసూర్ మొక్క తనంతట తాను పెరగడం ఆపదు. నేల బెట్టయితేనే పూత ఆపి కాయ మీద పడుతుంది. ఆగస్టులో వాన పడిందా, కింద కాయలు ఎండుతుంటే పైన మళ్లీ పూస్తుంది. అందుకే కింది మూడోవంతు కాయలు గోధుమరంగుకి తిరిగి, ఊపితే గలగలలాడే రోజు చూసి మొక్కని ఎండబెట్టే మందు కొడతారు. తొందరపడి ముందే కొడితే గింజ ముడుచుకుంటుంది. ఆలస్యమైతే మచ్చపడి గ్రేడు పడిపోతుంది, లేదా సెప్టెంబరు మంచు కాటేస్తుంది. ఇంకో శత్రువు అఫనోమైసిస్ అనే వేరుకుళ్లు. దాని బీజాలు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. ఒకసారి పట్టిందంటే ఆరు నుంచి ఎనిమిదేళ్లు ఆ మడిలో మసూర్ వద్దు, బఠాణీ అసలే వద్దు. ధర బాగుందని ఏడాది విడిచి ఏడాది వేసినవాళ్లు దెబ్బతిన్నది దీనితోనే.

ఇంత జాగ్రత్తగా పండించాక, ధర కట్టేది మాత్రం ఢిల్లీ. 2017 నవంబరులో మన ప్రభుత్వం ఎండు బఠాణీ మీద 50 శాతం, డిసెంబరులో మసూర్, శనగ మీద 30 శాతం దిగుమతి సుంకం వేసింది. ఇక్కడ పంట బాగా వచ్చి ధర పడిపోతుంటే మన రైతుని కాయడానికి వేసిందే, తప్పు పట్టలేం. అక్కడ మాత్రం పండిన సరుకు గాదెల్లోనే ఉండిపోయింది. 2023 డిసెంబరులో ఇక్కడ పప్పుల ధరలు ఎక్కగానే బఠాణీ మీద సుంకం ఎత్తేశారు. కెనోలాకి ఇదే ఆట చైనాతో. 2025 మార్చిలో కెనోలా నూనె, నూనె తీశాక మిగిలే చెక్క, బఠాణీల మీద వాళ్లు 100 శాతం వేశారు. గింజల గోదాములు నీ ఖాతాదారులైతే వాతావరణంతో పాటు ఈ సుంకాల వార్తలూ చూస్తుండు.

సముద్రం దగ్గర్లో లేదు. సరుకు రాకీ పర్వతాలు దాటి వాంకూవర్ చేరాలంటే 1,500 కిలోమీటర్ల పైచిలుకు రైలు ప్రయాణం. చలి మైనస్ 25 దాటితే పొడవాటి రైలు చివరి పెట్టె దాకా బ్రేకు గాలి ఒత్తిడి నిలవదు, అందుకని రైళ్లు కురచ చేస్తారు. జనవరిలో ఓడలు రేవులో ఎదురుచూస్తూ నిలబడేది ఇలాంటప్పుడే.

ఎరువుగా వాడే పొటాష్ ఉప్పు కూడా అదే దారిన పోతుంది. 1940ల్లో చమురు కోసం బోర్లు వేస్తుంటే బయటపడిన నిధి అది. సస్కటూన్ దగ్గర కిలోమీటరు లోతున ఉంటుంది. అక్కడికి దిగాలంటే మధ్యలో ఒత్తిడి మీదున్న నీటి ఇసుక పొరని దాటాలి. ఎస్టర్‌హేజీలో ఆ పొరని గడ్డకట్టించి, లోపల ఇనుప వలయాలు బిగించాకే 1962లో ఉత్పత్తి మొదలైంది. ఉప్పు గనికి నీరే యముడు. సన్నగా కారినా గోడని కరిగించుకుంటూ దారి పెద్దది చేసుకుంటుంది. సస్కటూన్ పక్కనే పేషెన్స్ లేక్ గని 1980ల్లో అలాగే మునిగింది. తర్వాత దాన్ని ఆ నీటితోనే నడిపారు.

ఆ పద్ధతి తెలుసుకో, పనికొస్తుంది. మరీ లోతుగా ఉన్నచోట మనిషిని దింపరు. వేడి నీరు పంపి ఉప్పు, పొటాష్ రెండూ కరిగిన ద్రవం పైకి తోడతారు. అది చల్లారితే పొటాష్ గడ్డకట్టి అడుక్కి దిగుతుంది, మామూలు ఉప్పు నీటిలోనే ఉండిపోతుంది. చలికాలం చెరువే యంత్రంలా పనిచేస్తుంది. బెల్ ప్లెయిన్‌లో 1964 నుంచీ ఇదే పని. అక్కడి సరుకు తెల్లగా వస్తుంది. రాయి పగలగొట్టి తీసినదాంట్లో ఇనుము కలిసి ఎర్రగా ఉంటుంది. మన ఎరువుల కొట్లో 50 కిలోల సంచీల్లో అమ్మే ఎర్ర పొటాష్ ఈ రెండో రకమే. మన దేశంలో పొటాష్ గని లేదు, వాడేదంతా దాదాపుగా బయటినుంచి తెచ్చుకోవాల్సిందే.

ఉత్తరాన రాతినేల, అడవి, సరస్సులు. ఊళ్లు బహు తక్కువ. అతబాస్కా ప్రాంతంలో యురేనియం ఉంది. మన కడప జిల్లా తుమ్మలపల్లి ఖనిజంలో 0.1 శాతం కూడా ఉండని లోహం అక్కడి సిగార్ లేక్ గనిలో పది శాతం దాటుతుంది. ఆ గని 2006లో నీరు పట్టి మునిగింది, ఉత్పత్తి మొదలయ్యేసరికి 2014 అయింది. మరుసటేడే భారత్‌కి 71 లక్షల పౌండ్లు అమ్మే ఒప్పందం కుదిరింది. పనివాళ్లు విమానంలో వెళ్లి ఒక వారం పనిచేసి, ఒక వారం ఇంటిదగ్గర ఉంటారు. నిన్ను సైట్‌కి పంపితే నీకూ అంతే.

ఇల్లు కొనే ఆలోచనుంటే ఊరు దేనిమీద బతుకుతుందో చూసి కొను. ఎస్టర్‌హేజీకి పొటాష్, లాయిడ్‌మిన్‌స్టర్‌కి చిక్కటి చమురు, ఎస్టెవాన్‌కి బొగ్గు, చమురు. ఆ ఒక్కటి పడితే ఇంటి ధరా పడుతుంది. రాజధాని కాబట్టి రెజైనాకి ప్రభుత్వాఫీసులున్నాయి. సస్కటూన్‌కి గనుల కార్యాలయాలతో పాటు విశ్వవిద్యాలయమూ ఉంది కాబట్టి కొంత నయం. మొదటి ఏడాది అద్దెకే ఉండు. కారు పెట్టేచోట ప్లగ్ పాయింటు ఉందో లేదో ముందే అడుగు. ఇంజను వెచ్చగా ఉంచే హీటరుకి రాత్రి కరెంటు లేకపోతే మైనస్ 30లో పొద్దున బండి కదలదు.

అన్నట్టు, అక్కడ గడియారం ఏడాదికి రెండుసార్లు తిప్పే తంతు లేదు. ఎప్పుడూ పదకొండున్నర గంటల తేడానే. నువ్వు ఉదయం ఏడింటికి ఫోన్ చేస్తే ఇక్కడ సాయంత్రం ఆరున్నర. ఆ వేళకి నేను ఖాళీగానే ఉంటాను.

అమ్మ