బుల్లెట్ చాసిస్ కోయకముందు ట్రయల్స్ నిబంధనలు చదవండి

సంపాదకుడికి,

పాత బ్రిటిష్ ట్రయల్స్ మోటారు సైకిళ్ల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం సంతోషం కలిగించింది. తెలుగులో ఈ ఆట గురించి రాసేవాళ్లే అరుదు. అయితే అందులోని రెండు మాటలు సరిదిద్దకపోతే కొన్ని మంచి బండ్లు పాడైపోతాయి. 1965కు ముందు తయారైన బండి ఏదైనా 'ప్రీ-65' పోటీకి పనికొస్తుందన్నది మొదటిది. తాతల నాటి బుల్లెట్ ఉన్నవాళ్లు వెనక చాసిస్ కోయించి, బరువు తగ్గించి, ట్రయల్స్ బండిగా మార్చుకోవచ్చన్నది రెండోది. మొదటి మాట సగమే నిజం. రెండో మాట నమ్మితే ఆ బండికి ఇక్కడి వింటేజ్ రిజిస్ట్రేషన్ పోతుంది, బ్రిటన్‌లోని పోటీలోనూ చిక్కొస్తుంది.

ట్రయల్స్ వేగం పందెం కాదు. రాళ్లు, వాగు, బురద, చెట్ల వేళ్ల మధ్య గుర్తులు పెట్టిన చిన్న దారిని సెక్షన్ అంటారు. కాలు నేలకు ఆనకుండా దాటితే సున్నా, ఒకసారి ఆనితే 1, రెండుసార్లయితే 2, అంతకు మించి ఎన్నిసార్లయినా 3. పడినా, గుర్తులు దాటి బయటికి పోయినా 5. ఎవరికి తక్కువ మార్కులు పడితే వాళ్లదే గెలుపు.

1965 దగ్గరే గీత ఎందుకు గీశారో తెలిస్తే నిబంధనలు సులువుగా అర్థమవుతాయి. 1961 స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్లో గోర్డన్ జాక్సన్ 350 సీసీ ఏజేఎస్ మీద ఆరు రోజులకూ కలిపి పోగొట్టుకున్నది ఒకే ఒక్క మార్కు. సామీ మిల్లర్ 500 సీసీ ఏరియల్ మీద 1962లోనూ 1964లోనూ గెలిచి, ఆ 1964 చివర్లోనే స్పెయిన్ కంపెనీ బుల్టాకోకు మారాడు. 1965లో అదే పోటీని తేలికపాటి టూ స్ట్రోక్ షెర్పా మీద గెలిచాడు. బరువైన బ్రిటిష్ ఫోర్ స్ట్రోక్ బండ్ల రాజ్యం దాంతో ముగిసింది. ఆ మార్పుకు ముందున్న బండ్లు తమలో తాము పోటీ పడాలన్నదే ప్రీ-65 ఉద్దేశం. స్కాట్లండ్‌లో కిన్‌లాక్‌లెవెన్ ఊరి చుట్టూ జరిగే రెండు రోజుల ప్రీ-65 ట్రయల్‌కు ఈ తరహా పోటీల్లో పెద్ద పేరుంది.

కాబట్టి చూసేది ఆర్‌సీ బుక్కులోని సంవత్సరం ఒక్కటే కాదు, బండికి ఏమేం బిగించి ఉన్నాయన్నది. బీఎస్ఏ బాంటమ్ 1971 దాకా, ట్రయంఫ్ టైగర్ కబ్ 1968 దాకా తయారయ్యాయి. తర్వాతి ఏళ్ల ఇంజనైనా పైకి పాత పోతలాగే ఉంటే చాలా క్లబ్బులు ఒప్పుకుంటాయి. అదే 1958 నాటి అసలు చాసిస్‌కు జపాన్ ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టే గొట్టాలు) తగిలిస్తే వెనక్కి పంపుతాయి. పరీక్షించేవాళ్ల చూపు ముందుగా పడేది ఫోర్కులు, హబ్బులు, చాసిస్, ఇంజన్, గేర్‌బాక్సుల మీద. డిస్కు బ్రేకు, వెనక ఒంటి షాకబ్జర్, నీళ్లతో చల్లబడే ఇంజన్ ఉంటే వెంటనే తిరస్కరిస్తారు. కంటికి కనబడని మార్పుల దగ్గర మాత్రం పట్టు సడలుతుంది. నిప్పురవ్వ పుట్టించే పాత కాంటాక్ట్ పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, పాత ఫోర్కు గొట్టాల లోపల కొత్త రకం డ్యాంపింగ్ (కుదుపును అణిచే ఏర్పాటు) చాలాచోట్ల చెల్లుతాయి.

కార్బురేటర్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. బ్రిటిష్ కంపెనీ అమల్ వారి కార్బురేటర్ కాన్‌సెంట్రిక్ వచ్చింది 1967లో. లెక్క ప్రకారం చెల్లకూడదు, అయినా చాలా క్లబ్బులు వదిలేస్తాయి. అందుకు కారణముంది. అంతకు ముందరి మోనోబ్లాక్‌లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ గది పక్కకు ఉంటుంది. బండి బాగా ఒరిగినప్పుడు పెట్రోలు చిమ్మే జెట్ దగ్గర మట్టం మారిపోయి, ఒక వైపుకైతే పొంగుతుంది, ఇంకో వైపుకైతే చాలదు. సరిగ్గా రాయెక్కే క్షణంలో ఇంజన్ ఆగిపోతుంది. కాన్‌సెంట్రిక్‌లో ఫ్లోట్ జెట్ చుట్టూ ఉంటుంది కనుక ఒరిగినా మట్టం పెద్దగా మారదు. పైకి చూస్తే అదీ బ్రిటిష్ కార్బురేటరే. జపాన్ మికుని బిగిస్తే మాత్రం కఠినమైన క్లాసుల్లో కుదరదు.

ఇక క్లాసులు. వెనక షాకబ్జర్లు లేని రిజిడ్ బండ్లకు ఒకటి. ఒక గొట్టంలో ఇంకోటి జారే టెలిస్కోపిక్ ఫోర్కులు రాకముందరి గర్డర్ ఫోర్కు బండ్లకు కొన్నిచోట్ల వేరే క్లాసు. ఇంజనూ గేర్‌బాక్సూ వేర్వేరుగా ఉండే ప్రీ-యూనిట్ ఫోర్ స్ట్రోక్‌లు, రెండూ ఒకే పోతలో ఉండే యూనిట్ బండ్లు, సీసీని బట్టి విడదీసిన టూ స్ట్రోక్‌లు, సైడ్‌కార్లు. క్లబ్బును బట్టి ఈ విభజన మారుతుంది. కొత్త గొట్టాలతో, అల్యూమినియంతో మళ్లీ కట్టిన బాంటమ్‌నూ, పెద్ద ఏరియల్‌నూ ఒకే వరుసలో నిలబెడితే ఏరియల్ నడిపేవాడికి న్యాయం జరగదు. రిజిడ్ బండి వెనక చక్రం రాయి తగలగానే ఎగిరి పట్టు వదిలేస్తుంది కాబట్టి దాన్ని షాకబ్జర్ల బండితో పోల్చడమూ తప్పే. పాత భాగం ఒక్కటీ లేకుండా కొత్తగా కట్టిన బండ్లు ప్రీ-65 పేరుతో గెలవడం మీద బ్రిటన్‌లో చాలాకాలంగా వాదన నడుస్తోంది. వాటిని నిషేధించనక్కర్లేదు. 'స్పెషల్స్' అని విడిగా పెట్టి, అసలు బండ్లకు వేరే బహుమతి ఇవ్వాలి. బుల్టాకో, మాంటెసా, యమహా టీవై లాంటివి ప్రీ-65 కిందికి రావు. వాటికి వెనక రెండు షాకబ్జర్లున్న బండ్ల 'ట్విన్ షాక్' క్లాసు ఉంది.

ఇప్పుడు మన బుల్లెట్. ట్రయల్స్‌తో దీని సంబంధం కల్పితం కాదు. వెనక చక్రం షాకబ్జర్లతో పైకీ కిందికీ ఊగేలా స్వింగింగ్ ఆర్మ్ ఉన్న తొలి బుల్లెట్లు 1948 ఫిబ్రవరిలో కోల్‌మోర్ కప్ ట్రయల్లోనే బయటికొచ్చాయి. వెనక స్ప్రింగులుంటే పట్టు పోతుందని నమ్మే రోజులవి. జానీ బ్రిటెన్ రాయల్ ఎన్‌ఫీల్డ్ మీద 1952, 1957 సంవత్సరాల్లో స్కాటిష్ సిక్స్ డేస్ గెలిచి ఆ నమ్మకాన్ని పడగొట్టాడు. బుల్లెట్ గేర్‌బాక్సు వేరే పోత, క్రాంక్‌కేసు వెనక బోల్టులతో బిగుస్తుంది. పూర్తి ప్రీ-యూనిట్టూ కాదు, పూర్తి యూనిట్టూ కాదు. మద్రాసులో తయారైన ఇంజనైతే అది బ్రిటిష్ బండి కింద లెక్కా అన్న ప్రశ్న కూడా వస్తుంది. బ్రిటన్‌లో ఉండి ఇక్కడి బుల్లెట్‌తో పాల్గొనాలనుకునే తెలుగువాళ్లు ఈ రెండు విషయాలూ ఎంట్రీ కట్టకముందే నిర్వాహకులను అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి.

చాసిస్ కోయడం ఎందుకు వద్దంటున్నామో చెప్పాలి. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనానికి 'వీఏ' అక్షరాలున్న నంబరు తీసుకోవచ్చు. పాత నంబరు ఉన్న బండికి ఆ నంబరే ఉంచుకునే వీలూ ఉంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, తర్వాత పునరుద్ధరణకు 5,000. అసలు షరతు ఏమిటంటే, బండి మొదటి రూపంలోనే ఉండాలి. చాసిస్‌లోగానీ ఇంజన్‌లోగానీ మార్పు చేస్తే అర్హత పోతుంది. కోసిన చాసిస్‌ను వెల్డింగ్ షాపులో అతికించినంత మాత్రాన అది మొదటి రూపం కాదు.

ట్రయల్స్ నేర్చుకోవాలంటే 1990ల నాటి బుల్లెట్ 350 చాలు. విప్పి మళ్లీ బిగించగల మార్పులే చేయండి. ముందు 19 అంగుళాల రిమ్ము తీసి 21 వేసి 2.75 ట్రయల్స్ టైరు, వెనక ఉన్న 19 రిమ్ముకే 4.00 టైరు. గాలి ముందు సుమారు 7, వెనక 5 పీఎస్ఐ. ఇంత తక్కువ గాలితో టైరు రిమ్ము మీద జారి ట్యూబు వాల్వును తెంపేస్తుంది కాబట్టి టైరును రిమ్ముకు అదిమిపట్టే రిమ్ లాక్ బోల్టులు తప్పనిసరి. నాలుగు గేర్ల 350లో వెనక 38 పళ్ల స్ప్రాకెట్ డ్రమ్ముతో కలిసే ఉంటుంది, మార్చడం కష్టం. గేర్‌బాక్సు వైపు 16 పళ్లది తీసి 14 వేస్తే మొదటి గేరు మొత్తం నిష్పత్తి దాదాపు 15 నుంచి 17కు పెరుగుతుంది. ట్రయల్స్‌కు అది కూడా తక్కువే. అందుకే క్లచ్ ఎక్కువ పట్టి నడపాల్సి వస్తుంది, ప్లేట్లు వేడెక్కి జారతాయి. సెక్షన్‌కూ సెక్షన్‌కూ మధ్య చల్లారనివ్వండి. ఇలా మార్చిన బండిని రోడ్డెక్కించకండి. అనుమతి లేని మార్పులకు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. ట్రాలీలో వేసుకుని, యజమాని అనుమతి ఉన్న స్థలానికి తీసుకెళ్లాలి.

మన రెండు రాష్ట్రాల మోటారు క్లబ్బులు ఎప్పుడైనా పాత బండ్ల ట్రయల్ పెట్టదలిస్తే రిజిడ్, షాకబ్జర్ల బుల్లెట్లు, 250 లోపు టూ స్ట్రోక్‌లు అని మూడు క్లాసులతో మొదలుపెట్టడం మంచిది. రాజ్‌దూత్, యెజ్డీలు చివరి క్లాసులో సరిపోతాయి. ఎంట్రీతో పాటు చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, రెండు వైపుల నుంచీ తీసిన బండి ఫొటోలు ముందే తెప్పించుకుంటే, కోసిన చాసిస్‌లను పోటీ రోజు గేటు దగ్గర కాకుండా నెల ముందే పక్కన పెట్టొచ్చు.

ఇట్లు,
పాత మోటారు సైకిళ్ల పనివారు,
ఆటోనగర్, విజయవాడ