నాన్నా, ఆ కారు సంగతి

స్టుట్‌గార్ట్,
నవంబరు 17

నాన్నకు నమస్కారం.

బావ చెప్పేశాడట. నేనే చెప్పాల్సింది. దసరాకు ఫోన్ చేసినప్పుడు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. మొన్న ఆదివారం మీరు ఏమీ అడగలేదు, "బాగున్నావుగా" అని ఫోను అమ్మకిచ్చేశారు. తిట్టినా బాగుండేది. అప్పటినుంచి మనసులో మనసు లేదు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

అవును, పోర్షే కొన్నాను. కయెన్ జీటీఎస్, 2013 బండి. 26,800 యూరోలు. అప్పు చెయ్యలేదు. మన ఇంటి స్లాబు డబ్బు వేరే ఖాతాలో ఉంది, దాన్ని ముట్టుకోలేదు. మేస్త్రి ఎప్పుడు పని మొదలుపెడతానంటే ఆ రోజే పంపుతాను. ఈ మాట ముందు అమ్మకు చెప్పండి.

కొత్తలో ఇది 90,000 యూరోల దాకా పలికిన బండి. పాతబడితే ధర పడిపోతుంది గానీ, విడిభాగాలకు మాత్రం 90,000 బండికి పడే ధరే పడుతుంది. ఇక్కడే చాలామంది మునుగుతారు. అందుకని బండికి పోను 5,000 పక్కన పెట్టుకున్నాకే కొన్నాను.

మొదట చూసింది ఇది కాదు. ఊరి బయట ఒక డీలరు దగ్గర ఇంకొకటి చూశాను. పదేళ్ళు దాటిన బండి, ఇంజను ఆవిరితో కడిగి అద్దంలా పెట్టాడు. ఇంజను మీద దుమ్ము లేకపోతే ఎక్కడ కారుతోందో ఎట్లా తెలుస్తుందని మీరు డిపోలో కొత్త కుర్రాళ్ళను కేకలేసేవారు కదా, అదే గుర్తొచ్చింది. సర్వీసు పుస్తకం అడిగితే తర్వాత పంపుతానన్నాడు. నడిపి కూడా చూడకుండా వచ్చేశాను.

ఇది ఎస్లింగెన్‌లో ఒక పెద్దాయన దగ్గర కొన్నది. డెబ్బై దాటి ఉంటాయి. మొదటి నుంచీ ఆయన చేతిలోనే ఉంది, 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. కొన్న రోజు నుంచి ప్రతి బిల్లూ ఒక ఫైల్లో వరసగా పెట్టాడు. నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని ఫోన్లో ముందే చెప్పాను. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూస్తే చల్లగా ఉంది. చల్లటి ఇంజను అబద్ధం చెప్పదు. మొదటి నిమిషం చెవి పెట్టి విన్నాను, టకటక లేదు. ఈ వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్లు కొన్నిటిలో సిలిండరు గోడలు గీసుకుపోతాయి, అందుకని అక్కడితో వదల్లేదు. బయటి మెకానిక్‌కి డబ్బులిచ్చి, ప్లగ్గులు విప్పించి, ఆ రంధ్రాల్లోంచి సన్నటి కెమెరా దింపి ఎనిమిదీ చూపించాను. శుభ్రంగా ఉన్నాయి. డీలరు అమ్మితే కనీసం ఏడాది వరకు లోపాలకు ఆయన బాధ్యత ఉంటుంది, సొంత మనిషి దగ్గర కొంటే ఆ ధీమా ఉండదు. అందుకే అంత జాగ్రత్త పడ్డాను.

డీజిల్ ఎందుకు తీసుకోలేదని మీరడుగుతారు. ఈ ఊళ్ళో పాత డీజిళ్ళ మీద 2019 నుంచి ఆంక్షలు పెట్టారు, ఆ ఏళ్ళ డీజిల్ బండితో సిటీలో తిరగడం తలనొప్పి. పోనీ 2003 నాటి మొదటి మోడల్ చవకగా వస్తుందిగా అంటారు. ఆ వీ8లో నీళ్ళ పైపులు ఇంజను పైన, గాలి లోపలికి తీసుకెళ్ళే మానిఫోల్డ్ కింద, ప్లాస్టిక్‌వి. వేడికి ఏళ్ళ తరబడి మగ్గి పెళుసెక్కి విరుగుతాయి. చాలామంది వాటిని తీసేసి అల్యూమినియం పైపులు వేయించుకుంటారు. ఆ తలకాయ నొప్పి నాకొద్దనుకున్నాను.

అమ్మ మోకాలికి ఫిజియోథెరపీ మానేసిందని చెల్లి చెప్పింది. మానొద్దని గట్టిగా చెప్పండి. ఆటో ఛార్జీల గురించి ఆలోచిస్తే నా మీద ఒట్టే.

ఉద్యోగం బాగానే ఉంది. ప్రాజెక్టు మారింది, అంతే.

శనివారాలు మీ కోడలికి ఆసుపత్రిలో డ్యూటీ. ఇంట్లో ఒక్కణ్ణే ఉండలేకపోతున్నాను నాన్నా, అది మీకు ఎప్పుడూ చెప్పలేదు. ఇక్కడ గంటకింతని లిఫ్టు అద్దెకిచ్చే షెడ్లు ఉంటాయి, పానాలు కూడా వాళ్ళే ఇస్తారు. అక్కడికి వెళ్తాను. నిన్న ఆయిల్ మార్చాను. ఎనిమిది లీటర్ల పైనే పట్టింది. కంపెనీ పుస్తకంలో 30,000 కిలోమీటర్లకో రెండేళ్ళకో మార్చమని ఉంది, నేను 10,000కే మారుస్తాను. దీనికి డిప్‌స్టిక్ లేదు! ఆయిల్ ఎంతుందో డాష్‌బోర్డు తెర మీదే చూసుకోవాలి. నాకింకా అలవాటు కాలేదు, గుడ్డ పట్టుకుని వెతుక్కుంటున్నాను. బ్యాటరీ డ్రైవరు సీటు కింద ఉంటుంది. నాలుగు చక్రాలకూ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిల్ కూడా మార్పించాను. అది పట్టించుకోకపోతే నెమ్మదిగా వెళ్ళేటప్పుడు బండి కుదుపుతుంది.

చలికాలం టైర్లు వేశాను. మీరు చక్రం బోల్టులకు రాడ్డు మీద ఎక్కి నిలబడి బిగించేవారు. ఇక్కడ టార్క్ పానాతో 160 న్యూటన్ మీటర్లకు బిగించాలి, ఆ లెక్కకు రాగానే టక్కున చప్పుడొస్తుంది. యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి చూశాను, మీరు బస్సు మొదటి ట్రిప్పు తర్వాత చూసినట్టే.

ముందు బ్రేకులకు ఆరేసి పిస్టన్లు. ప్యాడ్లు, డిస్కులు కలిపి మార్చడానికి ఒక షోరూములో చెప్పిన ధర వింటే గుండె ఆగినంత పనైంది. ఆ డిస్కులు ఇంకో ఏడాది వస్తాయని కొలిచి చూసుకున్నాను. మార్చాల్సి వస్తే ఆ షెడ్డులో నేనే మారుస్తాను. ఈ బండికీ ఫోక్స్‌వాగన్ టువారెగ్‌కీ పునాది ఒకటే, చాలా చిన్న భాగాలు అక్కడివే సరిపోతాయి, ధర తక్కువ. రోడ్డు పన్ను ఏడాదికి 400 లోపే. మన ఎఫ్‌సీ లాంటి తనిఖీ రెండేళ్ళకోసారి, వచ్చే సెప్టెంబరు దాకా ఉంది. పెట్రోలు మాత్రం తాగుతుంది, సిటీలో లీటరుకు ఆరు కిలోమీటర్లు వస్తే గొప్ప. అందుకే ఆఫీసుకి రైల్లోనే వెళ్తున్నాను.

షోకు కోసం కొన్నానని బాబాయ్ అన్నాడట. నాన్నా, చిన్నప్పుడు మీరు నైట్ షిఫ్టు చేసి పొద్దున్నే వస్తే మీ చొక్కా దగ్గర గ్రీజు వాసన వచ్చేది. అమ్మ ఉతకడానికి తీసుకుంటే నేను ఇవ్వనని ఏడ్చేవాణ్ణట. నిన్న ఆయిల్ మార్చి ఇంటికొస్తే నా చొక్కా అదే వాసన. వాషింగ్ మెషీన్లో ఇంకా వెయ్యలేదు. బాబాయ్‌కి ఇది ఎట్లా చెప్పాలో నాకు తెలియదు, మీకైతే తెలుస్తుందని రాస్తున్నాను.

కిలోమీటర్లు, ఆయిలు, ఖర్చు అన్నీ ఒక నోటుబుక్కులో రాస్తున్నాను, మీ లాగ్ షీట్లలాగే గీతలు కొట్టి. మేలో మీరిద్దరూ రండి. వీసా కాగితాలు నేను చూసుకుంటాను. బండిని లిఫ్టు ఎక్కిస్తాను, కిందికెళ్ళి మీరే చూడండి. వెనక ఎడమవైపు ఒక బుష్ మీద నాకు అనుమానంగా ఉంది. మెకానిక్ బాగుందంటున్నాడు, నాకు నమ్మకం కుదరడం లేదు.

బావ జనవరిలో వస్తున్నాడుగా. అటక మీద ఆకుపచ్చ రెక్సిన్ సంచిలో మీ 13 నంబరు రింగు పానా ఉంటుంది. తుప్పు పట్టి ఉంటే కిరోసిన్‌తో తుడిచి అతని చేత పంపండి.

ఆదివారం ఫోన్ చేస్తాను. ఈసారి వెంటనే అమ్మకివ్వకండి.

మీ
పెద్దోడు