నివేదిక మొత్తం తెలుగులో ఇవ్వాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

గత నెల పటాన్‌చెరు వైపు ఒక రసాయన ఫ్యాక్టరీ విస్తరణపై ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే వెళ్లాను. మా చేతికిచ్చింది పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నివేదికకు పన్నెండు పేజీల తెలుగు సారాంశం. బోరు నీళ్లు ఎక్కడ, ఎప్పుడు పరీక్షించారన్న లెక్కలన్నీ ఇంగ్లిష్‌లో ఉన్న అసలు నివేదికలోనే ఉన్నాయి. నా పక్కనున్న ఒక పెద్దామె మైకు పట్టుకుని, "మా బోరు నీళ్లు వాసనొస్తున్నయ్. అది ఇందుల రాసిండ్రా?" అని అడిగింది. ఎవరూ బదులివ్వలేదు.

మాది నక్కవాగు పక్క ఊరు. 1980ల్లో ఫ్యాక్టరీల వ్యర్థాలతో వాగు రంగు మారి వరి ఎండిపోతుంటే మా బాపు వారానికోసారి సీసాలో ఆ నీళ్లు పట్టి, మూతికి తేదీ రాసిన చీటీ కట్టి అటక మీద పెట్టేవాడు. ఆయన చదివింది నాలుగో తరగతే. అధికారి ఎవరు ఊళ్లోకొచ్చినా ముందు ఆ సీసాలే దించేవాడు. ఆ ఊళ్లన్నీ ఏళ్ల తరబడి కొట్లాడాయి. విషయం 1990లో సుప్రీంకోర్టుకు చేరింది. కోర్టు జిల్లా జడ్జితో విచారణ చేయించింది, రైతులకు పరిహారం, ఊళ్లకు మంచినీళ్లు ఇమ్మంది. పొలం పోయినవాళ్ల మాట లేకుండా అదంతా జరిగేది కాదని నేను గట్టిగా నమ్ముతాను.

2020లో కేంద్రం తెచ్చిన ఈఐఏ నిబంధనల ముసాయిదా, ఇలాంటి సభల్లో ప్రజలు అభిప్రాయం చెప్పడానికిచ్చే గడువును 30 రోజుల నుంచి 20కి తగ్గించాలని చూసింది. అదీ ఇంగ్లిష్, హిందీల్లోనే పెట్టారు. ఒక పర్యావరణ కార్యకర్త కోర్టుకెక్కితే, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషలన్నింటిలోకీ అనువదించాలని ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. చట్టం మన భాషలో చదువుకోవడానికి కూడా కోర్టు మెట్లెక్కాలా?

ఇప్పుడు అమల్లో ఉన్న 2006 ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం సభ చివర్లో వచ్చిన అభ్యంతరాలను స్థానిక భాషలో చదివి వినిపించాలి. ఆరోజు మా కాలనీ కుర్రాళ్లు ఆ నోటిఫికేషన్ కాగితం చూపించి మరీ చదివించారు. చదివినవాటిలో పెద్దామె ప్రశ్న లేదు. పట్టుబట్టి రాయించాకే మేం కదిలాం.

అదే నోటిఫికేషన్ స్థానిక భాషలో సారాంశం చాలంటుంది. అది చాలదు. మన రాష్ట్ర ప్రభుత్వం తన వంతుగా ఒక ఉత్తర్వు ఇవ్వాలి. సభకు నెల ముందే పంచాయతీ, వార్డు ఆఫీసుల్లో నివేదిక మొత్తం తెలుగులో పెట్టించాలి, నీటి పరీక్షల పట్టికలతో సహా.

- ఒక పాఠకురాలు,
లింగంపల్లి, హైదరాబాద్