క్రీడా ప్రాంగణంలోకి చక్రాల కుర్చీ వెళ్లాలి: కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారాలు.

పాలమూరు గుట్టల పక్కనున్న మా ఊరి క్రీడా ప్రాంగణం గురించి ఇచ్చిన అర్జీలకు జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు రాస్తున్నాం.

దారిలో వదులుగా పోసిన మొరంలో చక్రాల కుర్చీ ముందు చక్రాలు కూరుకుపోతాయి. సర్కారు తుమ్మ ముల్లు టైరులో దిగిందంటే ఆ పిల్లవాడికి ఆ రోజు ఆట లేనట్టే. తుమ్మను పైపైన నరికితే మళ్లీ చిగురిస్తుంది, వేరు మొదలుతో పెకలించాలి. వేప, కానుగ, మోదుగలను మాత్రం దయచేసి ముట్టుకోవద్దు. నీడ లేకుంటే ఏప్రిల్‌లో ఇనుప చేతిపట్టీని (రెయిలింగ్‌ను) పట్టుకోలేరు. మొరాన్ని తడిపి, పొరలు పొరలుగా రోలర్‌తో అణచాలి. ర్యాంపు ప్రతి అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవుండాలి. మరుగుదొడ్డి తలుపు 900 మి.మీ. వెడల్పుతో బయటికి తెరుచుకోవాలి. లోపలికైతే, పడిపోయినవారే తలుపుకు అడ్డమవుతారు.

క్రీడా వసతులను దివ్యాంగులకు తగినట్టు మార్చాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 30వ సెక్షనే చెబుతోంది. వానాకాలానికి ముందే ఇంజనీరును పంపి, చక్రాల కుర్చీ వాడేవారి ఎదుటే కొలతలు తీయించి పని మొదలుపెట్టించాలని కోరుతున్నాం.

ఇట్లు,
గ్రామ దివ్యాంగులు, యువకులు