మరి ఆడేటన్నాడ్రా?

కంచరపాలెం, విశాఖపట్నం
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ మావా,

నీ మెసేజ్ మొన్న రాత్రి షిఫ్ట్ దిగి వస్తూ చదివాను. వెంటనే రాద్దామనుకున్నాను గానీ ఫోన్‌లో నాలుగు ముక్కలు కొట్టి పడేస్తే నువ్వెలాగూ ఊరుకోవు, మళ్లీ ఫోన్ చేసి గంటసేపు నా బుర్ర తింటావు. అందుకే ఈరోజు మందిరం నుంచి వచ్చి, అమ్మ వండిన చేపల పులుసు తిని, కరెంట్ పోయిన ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని కాగితం మీద రాస్తున్నాను. రాత అర్థం కాకపోతే చెల్లెమ్మతో చదివించుకో. అయినా పదో తరగతి దాకా నా నోట్సే కాపీ కొట్టావు, నీకు అలవాటే.

మూడు శుక్రవారాలు ఉపవాసం ఉన్నావు, కెనడా వెళ్లాలా వద్దా దేవుడు ఏమీ చెప్పట్లేదు, ఇక్కడ అన్నీ ఉన్నాయి గానీ మనసు నిండట్లేదు. ఇదేగా నీ బాధ? సోమవారంలోగా ఆఫర్ లెటర్ వస్తే దేవుని చిత్తం, రాకపోతే కాదు అని ఒక గుర్తు పెట్టుకున్నావు. అది కాస్తా మంగళవారం పొద్దున వచ్చింది. ఇక్కడ నవ్వొచ్చింది రా, ఏమనుకోకు.

నవ్వింది నిన్ను చూసి కాదు, నన్ను నేను చూసుకుని. ఈ గుర్తులు అడగడంలో నేను నీకంటే రెండాకులు ఎక్కువే చదివాను. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో, కొత్త ఏడాదికి దేవుని మాటగా ఒక వచనం ఉండే వాగ్దానం కార్డు తీసేటప్పుడు నా చెయ్యి ఎలా వణికేదో నీకు గుర్తుందా? లాటరీ టికెట్ గీకినట్టే. పెళ్లి సంబంధం చూడ్డానికి వెళ్లే ముందు కళ్లు మూసుకుని బైబిల్ తెరిచి వేలు పెడితే మొదటి దినవృత్తాంతాల్లో పేర్ల జాబితా వచ్చింది. ఫలానావాడు ఫలానావాణ్ణి కనెను, అంతే. మా అత్తగారి ఊరి పేరు ఎక్కడైనా ఉందేమోనని రెండు పేజీలు వెతికాను కూడా! న్యాయాధిపతుల్లో గిద్యోను నేల మీద గొర్రెబొచ్చు పెట్టి, అది మాత్రమే మంచుకి తడవాలని దేవుణ్ణి గుర్తు అడిగాడు కదా అంటావు. అడిగాడు, నిజమే. కానీ ఏం చెయ్యాలో దేవుడు అప్పటికే ఆయనకి చెప్పేశాడు. తెలియక కాదు, భయమేసి అడిగాడు. ఆ అధ్యాయం మళ్లీ చదువు.

సరే, అసలు సంగతికి వస్తాను. ఇది నీకు ఇంతవరకూ పూర్తిగా చెప్పలేదు, సిగ్గేసి.

నాన్న పోయాక గాజువాక వైపు ఉన్న ఆ 150 గజాల స్థలం గురించి తమ్ముడికీ నాకూ మాటలు పోయాయని నీకు తెలుసు. వాడు అమ్మేద్దామన్నాడు, నేను వద్దన్నాను. పద్నాలుగు నెలలు, మావా! ఒకే ఊళ్లో ఉండి పద్నాలుగు నెలలు మొహాలు చూసుకోలేదు. నేను మాత్రం రోజూ ప్రార్థన చేసేవాణ్ణి, ప్రభువా న్యాయం తీర్చు, నాకు జ్ఞానం ఇవ్వు అని. యాకోబు పత్రిక మొదటి అధ్యాయం ఐదో వచనం కంఠతా వచ్చు కదా మనకి, జ్ఞానం కొదువగా ఉంటే దేవుణ్ణి అడగాలి, ఆయన గద్దింపక ధారాళంగా ఇస్తాడని. అడిగాను, ఏమీ రాలేదు. ఇప్పుడు తలుచుకుంటే నేను అడిగింది జ్ఞానం కాదు, నా వైపు తీర్పు. దానికి జ్ఞానం అని పేరు పెట్టుకున్నాను.

ఇంకో సంగతి. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అదే రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడం, ఉంటుంది కదా, ఆ రోజుల్లో నేను ప్రసంగం అవగానే మెల్లగా బయటికి జారుకునేవాణ్ణి. సహోదరుడితో సమాధానపడి అప్పుడు అర్పణ తెమ్మన్న మాట ఒకటుందిగా మత్తయిలో, అది గుండెల్లో ముల్లులా ఉండేది. అయినా కాళ్లు తమ్ముడి ఇంటివైపు కదలలేదు. షిఫ్ట్ ఉందని పాస్టర్ గారికి చెప్పేవాణ్ణి. నాకు ఆదివారం షిఫ్టులు ఎంత తక్కువో ఆయనకి తెలుసు, ఏమీ అనేవారు కాదు.

సామెతల గ్రంథంలో 31 అధ్యాయాలు, తారీఖుకి ఒకటి చొప్పున చదవడం అమ్మకి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఈమధ్య కళ్లు కనపడక నాతో చదివిస్తోంది. ఆరోజు 18వ తారీఖు. పద్దెనిమిదో అధ్యాయం గడగడా చదివేస్తున్నాను, డ్యూటీ టైమవుతోంది. పదిహేడో వచనం దగ్గర ఆపమంది. వ్యాజ్యంలో వాది పక్షం న్యాయంగానే కనపడుతుంది, ఎదుటివాడు వచ్చాకే వాడి సంగతి తేటపడుతుంది, ఇదీ ఆ వచనం అర్థం. అమ్మ ఏమీ వివరించలేదు. నీకు తెలుసుగా అమ్మ మాట తీరు.

"నువ్వు సెప్పినది పద్నాలుగు నెల్ల నుండి ఇంటన్నాను. మరి ఆడేటన్నాడ్రా?"

తెల్లమొహం వేశాను. ఎందుకంటే వాడేమన్నాడో నాకు తెలియదు. నాకు తెలిసింది వాడు అమ్ముదామన్నాడు అని, అంతే. ఎందుకు అని ఒక్కసారి కూడా అడగలేదు. ఆఫీసులో చెప్పాను, సంఘంలో పెద్దలకి చెప్పాను, నీకు ఫోన్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కే లేదు, ఆఖరికి దేవుడికి రోజూ చెప్పాను. విన్నది మాత్రం ఎవరి మాటా లేదు.

ఆ శనివారం పెందుర్తి వెళ్లాను. బస్సులో నిలబడి వెళ్తుంటే కడుపులో తిప్పింది, టెన్షన్. వాడు తలుపు తీసి కాసేపు అలాగే చూశాడు. మరదలు మంచినీళ్లు ఇచ్చింది. చేతులకి గాజులు లేవు, ప్లాస్టిక్‌వి రెండున్నాయి. అప్పటికి నాకు సగం అర్థమైంది. నాన్న ఆఖరి నాలుగు నెలలూ ఆసుపత్రి ఖర్చులు వాడే పెట్టాడు. అప్పుడు నేను ఒడిశాలో పారాదీప్ డ్యూటీ మీద ఉన్నాను. అన్నయ్యకి చెప్పొద్దు, వాడికి ఇద్దరు ఆడపిల్లలు అని నాన్నే అన్నారట. గాజులూ గొలుసూ తాకట్టులో ఉన్నాయి, వడ్డీ పెరుగుతోంది, అందుకే అమ్ముదామన్నాడు. నోరు తెరిచి చెప్పొచ్చుగా అన్నాను. "నువ్వు అడిగావా?" అన్నాడు.

అలాగని వాడిది వంద శాతం రైటు, నాది తప్పు అని కాదు. బేరగాడికి మాటిచ్చే ముందు నాతో అనాల్సింది. అదీ చెప్పాను, ఒప్పుకున్నాడు. స్థలం అమ్మేశాం. లెక్కలో నాకు ఇంకా పదహారు వేలు రావాలి, అడగను. అప్పుడప్పుడు గుర్తొస్తుంది, నీ దగ్గర అబద్ధమెందుకు. ఆ తర్వాతి నెల మొదటి ఆదివారం వాడు మా మందిరానికే వచ్చాడు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె పళ్లెం వాడి చేతిలోంచి నా చేతికి వచ్చింది. నేను ఆరోజు పాట పాడలేకపోయాను.

ఇదంతా అయ్యాక బైబిల్లో సొలొమోను రాజు కథ తీసి మళ్లీ చదివాను. గిబియోనులో కలలో దేవుడు ఏం కావాలో కోరుకోమంటే ఆయుష్షూ, డబ్బూ, శత్రువుల ప్రాణమూ అడగకుండా వివేకం గల హృదయం అడిగాడు కదా. హెబ్రీ మూలంలో ఆ మాటకి అర్థం "వినే హృదయం" అని ఉంటుంది. వినే హృదయం! నేను ఇన్నాళ్లూ జ్ఞానం అంటే చెప్పడం అనుకున్నాను రా. ఆ వెంటనే ఇద్దరు ఆడవాళ్లు ఒక బిడ్డ కోసం నాదంటే నాదని వస్తారు. బిడ్డని రెండు ముక్కలు చెయ్యడానికి కత్తి తెమ్మన్నది అందరికీ గుర్తుంటుంది. దానికి ముందు వచనంలో ఆయన ఏం చేశాడో చూడు. ఈమె ఇలా అంటోంది, ఆమె అలా అంటోంది అని ఇద్దరి మాటలూ తిరిగి చెప్పాడు. ఇద్దరివీ విన్నాకే కత్తి.

మన సంఘాల్లో ఒక చిక్కుంది, నీతో అంటే తప్పులేదు. దేవుని స్వరం దేవుని స్వరం అంటూ పైకి చెవులు రిక్కిస్తాం, పక్కన కూర్చున్నవాళ్ల మాటే వినం. దేవుడు కలలో మాట్లాడడు అనట్లేదు, సొలొమోనుతో కలలోనే కదా మాట్లాడాడు. నాతో మాత్రం మా అమ్మ నోటితో మాట్లాడాడు, ఉత్తరాంధ్ర యాసలో. ఆయన గద్దించడు గానీ మా అమ్మ గద్దిస్తుంది, ఆ తేడా ఉంది.

పోర్టులో పని చేసేవాడిగా బైబిల్లో యోబు గ్రంథం 28వ అధ్యాయం నాకు మహా ఇష్టం, నువ్వూ చదువు. బైలాదిలా కొండల్లో తవ్విన ఇనుప రాయి కిరండూల్ లైన్ మీద అరకు సొరంగాలన్నీ దాటుకుంటూ మా దగ్గరికొస్తుంది. ఆ ఎర్రదుమ్ము నా చొక్కా కాలర్ వదలదని నీకు తెలుసు. యోబు అచ్చం అదే చెప్తాడు: మనిషి చీకట్లోకి దిగుతాడు, తాళ్లకి వేలాడతాడు, మట్టిలోంచి ఇనుము తీస్తాడు, మరి జ్ఞానం ఎక్కడ తవ్వితే దొరుకుతుంది? నా దగ్గర లేదని సముద్రం అంటుందట. చిన్నప్పుడు రాస్ హిల్ మీద మేరీమాత చర్చి మెట్ల దగ్గర కూర్చుని, పక్క కొండ మీద వేంకటేశ్వర స్వామి గుడి గంటా, దర్గా కొండ నుంచి బాంగూ వింటూ, డాల్ఫిన్స్ నోస్ పక్క నుంచి ఓడలు లోపలికి రావడం చూసేవాళ్లం కదా, అప్పుడు నువ్వన్నావు, సముద్రాన్ని చూస్తే అన్నీ తెలిసినట్టు ఉంటుంది అని. యోబు ఒప్పుకోడు మావా. దేవునియందు భయభక్తులే జ్ఞానం అని తేల్చేస్తాడు. నీ గుర్తులూ నా కార్డులూ అందులో ఎక్కడా లేవు.

ఇక మనసు నిండట్లేదన్నావు. దీనికి నా దగ్గర మందు లేదు గానీ, బైబిల్లో ప్రసంగి గ్రంథం రెండో అధ్యాయం చదివావా ఈమధ్య? ఇళ్లు కట్టాను, తోటలు వేశాను, చెరువులు తవ్వించాను అంటూ ఉంటుంది, నీ గేటెడ్ కమ్యూనిటీ బ్రోచర్ చదివినట్టే. చివర్లో అంతా గాలికి ప్రయాసపడ్డట్టే అని తేలుస్తాడు. మనం సొలొమోనుదే అనుకునే మాట అది. అంత జ్ఞానం పొందినవాడు ముసలితనంలో ఎలా దారి తప్పాడో కూడా మొదటి రాజుల్లో ఉంది. జ్ఞానం బ్యాంకులో డిపాజిట్ కాదనుకుంటాను, ఎడారిలో ఇశ్రాయేలీయులకి దేవుడు రోజూ కురిపించిన మన్నా అనే ఆహారం లాంటిది. దాచుకుంటే పురుగు పట్టింది కదా అది. అందుకే 31 అయ్యాక మళ్లీ 1 నుంచి చదవమంటుంది అమ్మ.

మన తెలుగు క్రైస్తవుల భాషలో నాకు నచ్చే మాటొకటుంది, సమాధానం. బయటివాళ్లకి అది జవాబు, మనకి అది నెమ్మది. నేను పద్నాలుగు నెలలు మొదటిదాని కోసం పోరాడాను, పెందుర్తి నుంచి తిరిగొచ్చేటప్పుడు నాకు దొరికింది రెండోది. జీతం పెరగలేదు, అప్పు తీరలేదు, మోకాలి నొప్పి అలాగే ఉంది. కానీ వెలితి అని నువ్వన్నది ఆ రాత్రి నాలో లేదు. తర్వాత కొన్ని రోజులకి మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. అపొస్తలుడు పౌలు కూడా సంతృప్తి కలిగి ఉండడం నేర్చుకున్నాను అన్నాడు, అదీ జైల్లోంచి రాస్తూ. నేర్చుకున్నాను అన్నాడంటే ఆయనకీ మొదట రాలేదన్నమాట, నాకు ఆ మాట చాలా ధైర్యం.

మధ్యలో ఇంకోటి. క్రాన్, దేగ్రాంజెస్ అని లండన్ మిషనరీ సొసైటీవాళ్లు ఇద్దరు 1805లో మన విశాఖపట్నం వచ్చి తెలుగు నేర్చుకుని, క్రీస్తుని నమ్మిన ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడి సాయంతో సువార్తలు తెలుగులోకి తెచ్చారు. మత్తయి, మార్కు, లూకా 1812లో బెంగాల్‌లోని సేరంపూర్‌లో అచ్చయ్యాయి. అప్పటికి వాళ్లిద్దరూ లేరు, క్రాన్ 1809లో, దేగ్రాంజెస్ 1810లో చనిపోయారు. అచ్చయిన పుస్తకం చేత్తో పట్టుకోనేలేదు. వాళ్లకి ఫలానా గుర్తు కనిపిస్తేనే మొదలుపెడతాం అనే అలవాటుంటే నువ్వూ నేనూ ఏ భాషలో చదివేవాళ్లమో!

కెనడా సంగతి. వెళ్లమనను, వద్దనను. ఆలోచనకర్తలు అనేకులుండటం మంచిదని సామెతల్లోనే ఉంది, కాబట్టి అక్కడ ఉన్నవాళ్లనీ, వెళ్లి తిరిగొచ్చినవాళ్లనీ అడుగు. మీ అమ్మగారి మందుల సంగతి చూడు, పిల్లాడి చదువు చూడు, లోను ఎంత మిగిలిందో కాగితం మీద రాయి. ఇవన్నీ లోకసంబంధమైన లెక్కలు అనుకోకు, ఇల్లు కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క వేసుకోడా అని అడిగింది యేసు ప్రభువే.

కానీ ఒకటి. నీ మెసేజ్ నేను మూడుసార్లు చదివాను. మేనేజర్ ఏమన్నాడో ఉంది, పాస్టర్ గారు ఏమన్నారో ఉంది, మీ బావమరిది ఏమన్నాడో ఉంది, దేవుడు ఏమీ అనట్లేదని నాలుగుసార్లు ఉంది. అంత పొడుగు మెసేజ్‌లో చెల్లెమ్మ మాట ఒక్కటీ లేదు. అక్కడ ఆమె ఉద్యోగం ఏమవుతుంది, వాళ్ల నాన్నగారిని ఎవరు చూస్తారు, అసలు వెళ్లాలని ఉందా లేదా, ఒక్క ముక్క లేదు. ఈ ఉత్తరం ఆమెతో చదివించుకోమని పైన అన్నది ఊరికే కాదు.

కరెంట్ వచ్చింది, అమ్మ లేచి టీ పెట్టమంటోంది. నీ కోసం ఎండు నెత్తళ్లు కట్టి ఉంచింది, హైదరాబాద్ వచ్చేవాళ్లెవరైనా దొరికితే పంపుతాను, వాసనకి అపార్ట్‌మెంట్‌వాళ్లు తిడితే నా పూచీ లేదు. నీ కెనడా గొడవ అమ్మకి కూడా చెప్పాను. అంతా విని ఒకటే అడిగింది.

"మరి ఆ పిల్లేటందిరా?"

జవాబు రాయి.

నీ
మావ